రద్దు కాని హక్కు జారిపోయే చోట్లు: మాజీ సైనికుడి ముదిమి, ఈసీహెచ్ఎస్ కాగితాలు

1965 యుద్ధంలో ఇరవై ఏళ్ల వయసులో పాల్గొన్న సిపాయికి ఇప్పుడు ఎనభై నిండాయి. 1971 యుద్ధం నాటికి అదే వయసులో ఉన్నవాడు డెబ్భై అయిదు దరిదాపుల్లో ఉన్నాడు. ఆ తరంలో చాలామంది పదిహేను, పదిహేడేళ్ల సర్వీసు ముగించుకుని నాయక్‌గానో హవల్దారుగానో ఊరికి తిరిగి వచ్చి, పొలం పనిలోనో బ్యాంకు గార్డు ఉద్యోగంలోనో మరో ముప్పై ఏళ్లు గడిపి, ఇప్పుడు కొడుకుల మీదో కూతుళ్ల మీదో ఆధారపడి బతుకుతున్నారు. వారికి కేంద్ర ప్రభుత్వం ఈసీహెచ్ఎస్ అనే పథకం ద్వారా కల్పించిన వైద్య సదుపాయాన్ని ఏ చట్టమూ రద్దు చేయలేదు. వయసు పెరిగిందని తగ్గించనూ లేదు. అయినా అవసరం పడిన రోజున ఆ సదుపాయం అందని ఇళ్లు ఉన్నాయి. ఎందుకు అందలేదని వెనక్కి వెళ్లి చూస్తే కారణం సాధారణంగా ఏదో ఒక చిన్న కాగితం దగ్గర దొరుకుతుంది: పేరులో తేడా, గడువు దాటిన లైఫ్ సర్టిఫికెట్, మార్చుకోని పాత కార్డు, నలభై ఎనిమిది గంటల్లో చేయాల్సిన ఒక ఫోన్. ఈ పథకం నడవగలిగే మనిషిని, వినగలిగే మనిషిని, తన ఆర్మీ నంబరు గుర్తున్న మనిషిని మనసులో పెట్టుకుని రూపొందింది. అతడు మంచం పట్టాక ఆ పనులన్నీ ఇంకొకరు చేయాలి. ఆ ఇంకొకరికి ఏం తెలిసి ఉండాలన్నదే ఇక్కడి చర్చ.

మాజీ సైనికుల కాంట్రిబ్యూటరీ ఆరోగ్య పథకం, అందరూ పిలిచే పేరుతో ఈసీహెచ్ఎస్, 2003 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. అంతకు ముందు పదవీ విరమణ పొందిన సైనికుడికి మిలిటరీ ఆసుపత్రే దిక్కు. అది అన్ని జిల్లాల్లో ఉండదు, ఉన్నచోట కూడా సర్వీసులో ఉన్నవారికే మొదటి ప్రాధాన్యం. కేంద్ర ప్రభుత్వోద్యోగుల సీజీహెచ్ఎస్‌ను నమూనాగా తీసుకుని, పథకం సొంత వైద్యశాలలైన పాలీక్లినిక్‌లను మొదటి మెట్టుగా, ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రులను రెండో మెట్టుగా ఈ పథకాన్ని నిర్మించారు. దేశమంతటా నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్‌లు ఉన్నాయి. సికింద్రాబాద్, విశాఖపట్నం వంటి సైనిక కేంద్రాల్లోనే కాక, కంటోన్మెంటు ఛాయలే లేని జిల్లా కేంద్రాల్లోనూ ఇవి నడుస్తున్నాయి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఈ పథకానికి కేటాయించిన మొత్తం 8,317 కోట్ల రూపాయలు. వయసు పరిమితి లేదు, ముందు నుంచి ఉన్న జబ్బు అన్న మినహాయింపు లేదు, చికిత్స ఖర్చు మీద ఇంతవరకే అన్న గరిష్ఠ మొత్తమూ లేదు. ఎనభై ఏళ్ల మనిషికి ఇలాంటి రక్షణను ఏ ప్రైవేటు బీమా కంపెనీ అయినా అమ్ముతుందా అంటే, అమ్మదు. ఇంట్లో కాగితాల పని మీద అంత పట్టుదల ఎందుకో ఈ ఒక్క మాటలో తెలుస్తుంది.

చేరిక విషయంలో ఇంకా మిగిలిపోయినవారు కొందరున్నారు. 2003 ఏప్రిల్ తర్వాత పదవీ విరమణ పొందిన పెన్షనర్లకు సభ్యత్వం తప్పనిసరి. అంతకు ముందువారికి ఐచ్ఛికం. దగ్గరలో పాలీక్లినిక్ లేని రోజుల్లో కొందరు సభ్యత్వం వద్దనుకుని ఫిక్స్‌డ్ మెడికల్ అలవెన్సు తీసుకోవడానికే మొగ్గారు. ఆ అలవెన్సు ఇప్పుడు నెలకు 1,000 రూపాయలు. అరవై ఏళ్ల వయసులో జ్వరం మాత్రలకు అది సరిపోయి ఉండవచ్చు. తుంటి ఎముక విరిగిన రోజున దానితో ఎక్స్‌రే ఖర్చు గట్టెక్కడమే కష్టం. రెండూ కలిపి పొందే వీలు లేదు. కానీ అలవెన్సును ఆపించుకుని సభ్యత్వంలోకి వచ్చే దారి తెరిచే ఉంది. చందా ఒకేసారి కట్టేది, హోదాను బట్టి మారేది: హవల్దారు వరకు 30,000, నాయబ్ సుబేదారు నుంచి సుబేదారు మేజరు వరకు 67,000, అధికారులకు 1,20,000 రూపాయలు. 1996 జనవరి 1కి ముందు పదవీ విరమణ చేసినవారు ఏమీ కట్టనవసరం లేదు. అంటే మనం మాట్లాడుకుంటున్న అతి వృద్ధ తరంలో చాలామందికి ఇది ఉచితం. ఆ సంగతి తెలియక నెలకు వెయ్యి రూపాయల దగ్గర ఆగిపోవడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

పెన్షన్ రాని మాజీ సైనికుల సంగతి వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి, పరిమిత కాలానికి తీసుకున్న ఎమర్జెన్సీ కమిషన్, షార్ట్ సర్వీస్ కమిషన్ అధికారులకు, ముందుగా విరమణ తీసుకున్నవారికి 2019లో ఈ పథకాన్ని విస్తరించారు. కానీ పెన్షన్‌కు సరిపడా సర్వీసు లేకుండా బయటికి వచ్చిన సాధారణ జవాన్లకు ఆ విస్తరణ అందలేదు. అలాంటివారు అరవై అయిదు దాటి ఆదాయం లేని స్థితిలో ఉంటే, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా కేంద్రీయ సైనిక బోర్డు ఇచ్చే పేదరిక సహాయానికి దరఖాస్తు చేసుకోవచ్చు. 2025 నవంబరు నుంచి ఆ సహాయాన్ని నెలకు 4,000 నుంచి 8,000 రూపాయలకు పెంచారు. అది వైద్య సదుపాయం కాదు, మందుల ఖర్చుకు ఆసరా మాత్రమే.

ఒకే మనిషికి మూడు పేర్లు

తెలుగు కుటుంబాల్లో ఈ పథకం ఎక్కువగా తట్టుకుని పడేది పేర్ల దగ్గర. ఉదాహరణకు గోదావరి జిల్లాల నుంచి 1968లో మద్రాస్ రెజిమెంట్‌లో చేరిన ఒక యువకుణ్ని ఊహించుకుందాం. భర్తీ రోజున ఇంటిపేరు అడిగిన గుమాస్తాకు మన పద్ధతి తెలియదు. ఇంటిపేరు ముందు వస్తుందని, అసలు పేరు చివర ఉంటుందని అతనికి తోచదు. రికార్డులోకి ‘అప్పారావు కె’ అని ఎక్కింది. ఊరి బడిలో అతని పేరు వెంకట అప్పారావు. నలభై ఏళ్ల తర్వాత ఆధార్ శిబిరంలో కుర్రాడు ‘కర్రి వెంకటప్పారావు’ అని కలిపి టైపు చేశాడు. ఊళ్లో అందరికీ ముగ్గురూ ఒక్కరేనని తెలుసు, కంప్యూటరుకు వేర్వేరు. పుట్టిన తేదీ కథ మరీ విచిత్రం. పుట్టిన రోజు ఎవరూ రాసి ఉంచని ఇళ్ల నుంచి వెళ్లిన కుర్రాళ్లకు బడిలో వేసిన తేదీ, లేదా ఆ రోజు అంచనాగా వేసిన తేదీ ఖాయమైంది. చాలా పాత పెన్షన్ ఉత్తర్వుల్లో, అంటే పీపీఓల్లో, పుట్టిన తేదీ అసలు లేనే లేదు.

భార్య పేరు దగ్గర చిక్కు ఇంకా గట్టిగా ఉంటుంది. పెళ్లయ్యాక అత్తవారింట పేరు మార్చి పిలవడం మన పల్లెల్లో అరుదు కాదు. జవాను సెలవు మీద వచ్చి పెళ్లి చేసుకుని, యూనిట్‌కు తిరిగి వెళ్లి, భార్య పేరు ‘లక్ష్మి’ అని చెప్పాడు. ఆమె ఆధార్‌లో ‘నాగ వరలక్ష్మి’. అతడు బతికి ఉన్నంత కాలం ఆ తేడా ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టదు. అతడు పోయిన మర్నాటి నుంచి కుటుంబ పెన్షన్, ఆమె సొంత ఈసీహెచ్ఎస్ కార్డు రెండూ ఆ ఒక్క మాట దగ్గర నిలబడిపోతాయి. అతడు బతికి ఉండగా అతని సంతకంతో సులువుగా సరిదిద్దుకోగల తప్పును ఆ తర్వాత అఫిడవిట్లతో, పత్రికా ప్రకటనలతో, సర్పంచి, తహసీల్దారు ధ్రువీకరణలతో మోయవలసి వస్తుంది.

ఈ సవరణలు పాలీక్లినిక్‌లో జరగవు. సైనికుడి వ్యక్తిగత వివరాలకు మూలం అతని రికార్డ్ ఆఫీసు. మద్రాస్ రెజిమెంట్‌కు అది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీకి నాసిక్‌లో, సిగ్నల్స్‌కు జబల్‌పూర్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌కు బెంగళూరులో, డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌కు కన్నూరులో ఉంది. ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ కోర్‌ల రికార్డులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి కాబట్టి ఆ రెండు విభాగాల్లో పనిచేసినవారికి కొంత వెసులుబాటు. మిగిలినవారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా దరఖాస్తు పంపడమే మేలు. అక్కడి ఉద్యోగులకు ఏ రికార్డ్ ఆఫీసు ఏ కాగితం అడుగుతుందో చేతితో పట్టినట్టు తెలుసు. రికార్డ్ ఆఫీసు సవరణను అంగీకరించాక ప్రయాగ్‌రాజ్‌లోని ప్రిన్సిపల్ కంట్రోలర్, డిఫెన్స్ అకౌంట్స్ పెన్షన్ల కార్యాలయం సవరించిన పీపీఓ జారీ చేస్తుంది. దీనికి నెలలు పడుతుంది.

ఇక్కడ ఒక ఆచరణ విషయం. రికార్డుకూ ఆధార్‌కూ పొంతన లేనప్పుడు కుటుంబ సభ్యులు సహజంగా ఆధార్‌ను సత్యంగా భావించి సైనిక రికార్డును మార్చడానికి బయలుదేరుతారు. తప్పు నిజంగా సైనిక రికార్డులోనే ఉంటే తప్ప, ఆధార్‌ను పీపీఓకు అనుగుణంగా మార్చుకోవడం చాలా సందర్భాల్లో తేలిక. అయితే ఆధార్‌లో పేరును రెండుసార్లకు మించి, పుట్టిన తేదీని ఒకసారికి మించి మార్చనివ్వరు కాబట్టి, డిశ్చార్జి బుక్కు, పీపీఓ, బ్యాంకు పాసుపుస్తకం, పాన్ కార్డు అన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం పోల్చి చూసుకున్నాకే మార్పుకు వెళ్లాలి. తొందరపడి మార్చిన ఆధార్ కొత్త తేడాను సృష్టించిన ఇళ్లూ ఉన్నాయి.

పుట్టిన తేదీకి ఇంకో విలువ ఉంది. ఎనభై ఏళ్లు నిండిన పెన్షనరుకు మూల పెన్షన్‌పై 20 శాతం, ఎనభై అయిదుకు 30, తొంభైకి 40, తొంభై అయిదుకు 50, నూరేళ్లకు 100 శాతం అదనపు పెన్షన్ వస్తుంది. రికార్డులో పుట్టిన తేదీ లేకపోతే ఎనభై ఎప్పుడు నిండాయో వ్యవస్థకు తెలియదు. అడిగేవారు లేకపోతే ఆ అదనం రాదు. సంరక్షణకు మనిషిని పెట్టుకోవలసిన వయసులోనే ఆ డబ్బు అవసరం.

బతికి ఉన్నట్టు రుజువు

ఒకప్పుడు పెన్షన్ ఊరి దగ్గరి బ్యాంకు చూసుకునేది. మేనేజరుకు పెద్దాయన ముఖం తెలుసు, నవంబరులో వచ్చి సంతకం పెట్టి వెళితే సరిపోయేది. 2021 నుంచి రక్షణ పెన్షన్లను దశలవారీగా స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి తెచ్చారు. డబ్బు ఇప్పటికీ అదే ఖాతాలో పడుతుంది కానీ, ఇచ్చేది బ్యాంకు కాదు, ప్రయాగ్‌రాజ్ కార్యాలయం. ఈ మార్పు ఇంట్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఒకటుంది. జీవన్ ప్రమాణ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ తీసేటప్పుడు పెన్షన్ పంపిణీ సంస్థ ఏదని అడుగుతుంది. అలవాటు ప్రకారం పాత బ్యాంకు పేరు ఎంచుకుంటారు. సర్టిఫికెట్ తయారైనట్టు ఫోనుకు సందేశం కూడా వస్తుంది. కానీ అది చేరవలసిన చోటికి చేరదు. కొన్నాళ్లకు పెన్షన్ ఆగుతుంది. అక్కడ స్పర్శ్ పేరుతో ఉన్న ప్రయాగ్‌రాజ్ కార్యాలయాన్నే ఎంచుకోవాలి, జాబితాలో దాని పేరు పాత అలహాబాద్‌గానే కనిపించినా. ఆ తర్వాత స్పర్శ్ ఖాతాలోకి వెళ్లి వార్షిక గుర్తింపు గడువు తేదీ వచ్చే ఏడాదికి మారిందో లేదో చూసుకునేదాకా పని పూర్తయినట్టు కాదు.

వేలిముద్ర మరో గండం. నాగలి పట్టిన చేతుల్లో, ఎనభై ఏళ్ల చర్మంలో గీతలు మిగలవు; యంత్రం మళ్లీ మళ్లీ తిరస్కరిస్తుంది. శుక్లాలు ఉన్న కంటిలో ఐరిస్ కూడా ఒక్కోసారి చిక్కదు. 2021 నవంబరులో వచ్చిన ముఖ గుర్తింపు పద్ధతి ఈ వయసువారికి నిజంగా మేలు చేసింది: ఇంట్లో మనవడి స్మార్ట్‌ఫోనుతోనే, పెద్దాయన మంచం మీద ఉండగానే, వెలుతురు సరిగా పడేలా చూసుకుని చేయవచ్చు. అయితే కళ్లు ఒకసారి మూసి తెరవమని అది అడుగుతుంది, పక్షవాతంతో ఒక కన్ను సరిగా మూయలేని మనిషికి అదీ పరీక్షే. అలాంటప్పుడు ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున పోస్ట్‌మ్యాన్ ఇంటికి వచ్చి కొద్దిపాటి రుసుముతో చేసే సేవ ఉంది. డెబ్భై దాటినవారికి, నడవలేనివారికి ఇంటి దగ్గరే సేవలందించి లైఫ్ సర్టిఫికెట్ కూడా తీసుకోవాలని 2017 నవంబరులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఆదేశమిచ్చింది. ఏ యంత్రమూ ఒప్పుకోనప్పుడు అధీకృత అధికారి సంతకం చేసిన కాగితపు సర్టిఫికెట్‌ను అప్‌లోడ్ చేసే దారి స్పర్శ్‌లో మిగిలి ఉంది. ఎనభై దాటినవారు నవంబరు దాకా ఆగనవసరం లేదు, అక్టోబరు 1 నుంచే సమర్పించవచ్చు. ఆ ఒక్క నెల ముందస్తు చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది కానీ, ఆసుపత్రిలో పడే అవకాశం ఎక్కువగా ఉన్నవారికి అది పెద్ద ఆసరా.

ఇదే అదనుగా మోసగాళ్లు కూడా తిరుగుతున్నారు. లైఫ్ సర్టిఫికెట్ ఫోనులోనే పునరుద్ధరిస్తామని, లేకపోతే పెన్షన్ ఆగుతుందని బెదిరించి, ఓటీపీ రాబట్టి ఖాతా ఖాళీ చేస్తారు. ఫిరంగుల పక్కన పనిచేసి వినికిడి పోగొట్టుకున్న మనిషిని ఫోను మీద అంకెలు చదివి చెప్పమనడం ఎంత అన్యాయమో, అతని ఫోను నంబరునే ఓటీపీలకు ఉంచడం అంత ప్రమాదం. కుటుంబంలో నమ్మకస్తుడైన ఒకరి నంబరును ఆధార్‌కూ స్పర్శ్‌కూ అనుసంధానించడం మంచిది. వినికిడి యంత్రం ఈసీహెచ్ఎస్ కింద లభించే వాటిలో ఒకటి అన్నది కూడా ఈ సందర్భంలో గుర్తు చేయదగ్గదే.

శరీరం కంటే ముందు మతి తప్పినప్పుడు చిక్కు ఇంకా లోతుగా ఉంటుంది. మతిమరుపు జబ్బు ముదిరాక పెద్దాయన చేత జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం అధికారం ఇచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారమే ముగిసిపోతుంది. సరిగ్గా అవసరమైన రోజునే ఆ పత్రం చెల్లదన్నమాట. శరీర బలహీనత మాత్రమే ఉన్నవారికి రిజర్వు బ్యాంకు నిబంధనలు వేలిముద్రతో, అదీ కుదరకపోతే కాలి వేలి ముద్రతో, ఇద్దరు సాక్షుల గుర్తింపుపై డబ్బు తీసుకోనిస్తాయి. సాక్షుల్లో ఒకరు బ్యాంకు ఉద్యోగి కావాలి. మతి తప్పినవారికి మిగిలేది కోర్టు ద్వారా సంరక్షకుడి నియామకమే. అందుచేత భార్యతో కలిపి ఉమ్మడి పెన్షన్ ఖాతా తెరవడం, పేర్ల సవరణ, కార్డు మార్పిడి వంటివన్నీ జబ్బు తొలి ఛాయలు కనిపించినప్పుడే, ఆయన తన ఆర్మీ నంబరు తడుముకోకుండా చెప్పగలిగినప్పుడే ముగించాలి. ఆ నంబరు చివరిదాకా గుర్తుండే మనుషులున్నారు. పిల్లల పేర్లు మరచిపోయాక కూడా. కానీ దాని మీద ఆధారపడకూడదు.

కార్డు, రిఫరల్, ఆసుపత్రి గేటు

పాత 16 కేబీ, 32 కేబీ కార్డుల స్థానంలో ఇప్పుడు చెల్లేది 64 కేబీ స్మార్ట్ కార్డు. ట్రంకు పెట్టెలో బట్టల మధ్య భద్రంగా దాచుకున్న కార్డు పాతదైతే అది ఆసుపత్రి యంత్రంలో పనిచేయదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. కొత్త కార్డు చేతికి వచ్చేలోపు వాడుకోవడానికి తాత్కాలిక స్లిప్పు ఇస్తారు. కార్డు మీద మాతృ పాలీక్లినిక్ ఒకటి నమోదై ఉంటుంది. తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు ఆరు నెలలు ఊళ్లో, ఆరు నెలలు హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉండటం మామూలే. కార్డు దేశంలో ఏ పాలీక్లినిక్‌లోనైనా చెల్లుతుంది కానీ, బీపీకీ షుగరుకూ క్రమంగా మందులు తీసుకోవలసినవారు ఎక్కడ స్థిరంగా ఉంటారో అక్కడికి మాతృ పాలీక్లినిక్‌ను మార్పించుకుంటే రాకపోకల అవస్థ తప్పుతుంది. అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం ఈ కార్డు ఏ పనికీ రాదు. ప్రయాణ బీమా వేరే చేయించుకోవలసిందే.

మామూలు క్రమంలో పాలీక్లినిక్ వైద్యుడు చూసి, అవసరమైతే ఒప్పంద ఆసుపత్రికి రిఫరల్ రాస్తాడు. ఒప్పంద ఆసుపత్రుల్లో దేనికి వెళ్లాలన్నది రోగి ఇష్టం. డెబ్భై అయిదు దాటినవారు స్పెషలిస్టు సంప్రదింపుకు రిఫరల్ లేకుండానే ఒప్పంద ఆసుపత్రికి నేరుగా వెళ్లవచ్చన్న సడలింపు ఉంది. ఇది తెలియక నడవలేని మనిషిని ఆటోలో ఎక్కించి, కేవలం ఒక కాగితం కోసం యాభై కిలోమీటర్లు తిప్పే కుటుంబాలు ఉన్నాయి. సంప్రదింపు తర్వాత పెద్ద పరీక్షలకూ ఆపరేషన్‌కూ పాలీక్లినిక్ అనుమతి కావలసి ఉంటుందని మాత్రం మరవకూడదు. పాలీక్లినిక్‌లో మందు లేకపోతే అధీకృత స్థానిక మందుల దుకాణం నుంచి తెప్పిస్తారు, లేదా అందుబాటులో లేదని రాసి ఇస్తారు. ఆ రాత ఉంటేనే బయట కొన్న మందుకు డబ్బు తిరిగి వస్తుంది. బిల్లు ఉండి ఆ రాత లేకపోతే లాభం లేదు. మంచం పట్టినవారి తరఫున మందులు తీసుకునే ఏర్పాటు గురించి పాలీక్లినిక్ ఇన్‌ఛార్జి అధికారితో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఆ అధికారి సాధారణంగా తానూ ఒక మాజీ సైనికుడే కనుక, గౌరవంగా అడిగితే అక్కడ తలుపు మూసుకుపోవడం అరుదు.

అత్యవసరంలో నియమం మారుతుంది. ఒప్పంద ఆసుపత్రి అయితే రిఫరల్ లేకుండా చేర్చవచ్చు. కార్డు చూపితే సమాచారం ఆన్‌లైన్‌లో పంపే బాధ్యత ఆసుపత్రిదే, అడ్వాన్సు కట్టమని అడగకూడదు. గుండెపోటు రాత్రి దగ్గరలో ఒప్పంద ఆసుపత్రి లేకపోతే దొరికిన ఆసుపత్రిలోనే చేర్చాలి, ప్రాణం ముఖ్యం. కానీ 48 గంటల్లోగా దగ్గరలోని పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. బిల్లు ముందు కుటుంబమే కట్టాలి, ఆ తర్వాత సీజీహెచ్ఎస్ ధరల మేరకు మాత్రమే తిరిగి వస్తుంది. కార్పొరేట్ ఆసుపత్రి వేసిన బిల్లుకూ ఆ ధరలకూ ఉండే తేడా కుటుంబం మీదే పడుతుంది కాబట్టి, రోగి కుదుటపడగానే ఒప్పంద ఆసుపత్రికి మార్చే సంగతి వైద్యులతో మాట్లాడాలి. కొడుకు దూరంగా ఉండి, ఇంట్లో తల్లి ఒక్కతే ఉన్నప్పుడు ఈ 48 గంటల ఫోను ఎవరు చేస్తారన్నది ముందే తేల్చుకోవలసిన ప్రశ్న. గోడ మీద క్యాలెండరు పక్కన పాలీక్లినిక్ నంబరు, కార్డు నంబరు, దగ్గరలోని ఒప్పంద ఆసుపత్రి పేరు పెద్ద అక్షరాల్లో రాసి ఉంచడం చిన్నపని.

ఆసుపత్రి గేటు దగ్గర మాత్రం కాగితాలన్నీ సరిగా ఉన్నా సమస్య రావచ్చు. బకాయిలు పేరుకుపోయాయని ఒప్పంద ఆసుపత్రులు చేర్చుకోవడానికి వెనుకాడటం, పడకలు ఖాళీ లేవనడం పాత ఫిర్యాదే. ఈ పథకం పనితీరుపై ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2015లో ఇచ్చిన నివేదిక మందుల కొరతనూ, నిర్వహణ లోపాలనూ ఎత్తిచూపింది. ఆ తర్వాత బడ్జెట్ గణనీయంగా పెరిగింది నిజమే, 2024-25లో కేటాయించిన 6,968 కోట్లు మరుసటి ఏడాదికి ఎంతయ్యాయో పైన చూశాం. అయినా కేటాయింపుకూ, చిన్న పట్టణపు ఆసుపత్రికి సకాలంలో బిల్లు చేరడానికీ మధ్య దూరం ఉంది. అలాంటి తిరస్కారం ఎదురైతే నోటిమాటతో వెనుదిరగకుండా, తేదీ, సమయం, మాట్లాడిన ఉద్యోగి హోదా రాసుకుని పాలీక్లినిక్ ఇన్‌ఛార్జికీ, ఈసీహెచ్ఎస్ ప్రాంతీయ కేంద్రానికీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఒప్పందం కొనసాగింపు ఆ రికార్డుల మీద ఆధారపడుతుందని ఆసుపత్రులకూ తెలుసు.

మంచి ఉద్దేశంతో వచ్చే ఇంకో కార్డు

2024 అక్టోబరు 29న డెబ్భై దాటిన ప్రతి పౌరుడికీ ఆదాయంతో సంబంధం లేకుండా అయిదు లక్షల రూపాయల వరకు ఉచిత చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలైంది. ఊళ్లలో ఇంటింటికీ తిరిగి నమోదు చేస్తున్నారు. ఉచితంగా వచ్చేది ఎందుకు వదులుకోవాలని పెద్దాయన చేత కూడా చేయిస్తారు. కానీ సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్, కేంద్ర సాయుధ పోలీసు దళాల పథకం వంటివాటిలో ఉన్నవారు పాత పథకంలో కొనసాగడమో, దీనికి మారడమో, రెండింటిలో ఒకటే ఎంచుకోవాలన్నది నియమం. అయిదు లక్షల పరిమితి, అదీ ఇంట్లో డెబ్భై దాటినవారందరికీ కలిపి ఉన్న పథకం కోసం, పరిమితి లేనిదాన్నీ, రోజువారీ మందులు ఇచ్చేదాన్నీ వదులుకోవడం లెక్క ప్రకారం నష్టం. పాలీక్లినిక్ చాలా దూరంగా ఉండి, పక్కనే ఆయుష్మాన్ ఆసుపత్రి ఉన్నవారికి దీనివైపు మనసు లాగవచ్చు, ఆ లాగుడులో అర్థం లేకపోలేదు. కానీ ఆ నిర్ణయం లెక్క చూసుకుని తీసుకోవలసింది, వాకిట్లో నిలబడి వేసిన వేలిముద్రతో జరిగిపోవలసింది కాదు. రాష్ట్ర ప్రభుత్వాల ఉచిత వైద్య పథకాల్లో ఇంటి మిగతావారు ఉన్నప్పుడు పెద్దాయన పేరు ఏ కార్డులో ఎలా నమోదైందో కూడా ఒకసారి చూసుకోవాలి.

చివరగా భార్య విషయం. మాజీ సైనికుడి మరణంతో ఈసీహెచ్ఎస్ ముగిసిపోదు. ఆధారిత సభ్యురాలిగా ఉన్న ఆమె ప్రధాన సభ్యురాలిగా మారి సొంత కార్డు పొందుతుంది, కొత్తగా చందా కట్టనవసరం లేదు. మరణ ధ్రువీకరణ పత్రంతో స్పర్శ్‌కు సమాచారం ఇచ్చి కుటుంబ పెన్షన్ మొదలుపెట్టించుకోవాలి, చనిపోయిన ఆయన కార్డును పాలీక్లినిక్‌కు అప్పగించాలి. కర్మకాండల హడావుడిలో ఆ కార్డు ఎక్కడో పడిపోవడం, ఆయన ఫోనుకు రీచార్జి ఆపేయడంతో ఓటీపీలు వచ్చే నంబరు మూగబోవడం తరచూ జరిగేవే. పన్నెండో రోజు దాటేదాకా ఆ సిమ్ము ఆ ఫోనులోనే ఉండాలి. ఆమె ఖాతా, ఆమె కార్డు, ఆమె పేరుతో కొత్త లాగిన్ సిద్ధమయ్యేదాకా కూడా ఉండాలి.